ఆశ్వయుజపు వానలో కొండదారి

శరదృతువనగానే మన చిత్తమునకు ముందుగా స్ఫురించునది వెన్నెల. మబ్బు విడిచిన ఆకాశము, తేరిన యేటినీరు, ఇసుకతిన్నెలపై తెల్లగా విరియబారిన రెల్లుపూలు, కొలకులకు మరలివచ్చు హంసలు, ఇవి పూర్వకవులు తరతరములుగా మన చేతికందించిన శరత్తు. కాళిదాసు ఋతుసంహారమున ఈ ఋతువును రెల్లుపూవుల చీర కట్టిన నవవధువుగా రూపించెను. వాల్మీకి రాముడు వానకాలమంతయు ప్రస్రవణగిరి గుహలో దుఃఖమును దిగమ్రింగుచు కూర్చుండి, శరత్తు రాగానే సీత జాడ వెదకుటకు తరుణము వచ్చినదని లక్ష్మణునితో పలికెను. మన ఆదికవి నన్నయ కలము ఆరణ్యపర్వమున శారదరాత్రులను వర్ణించి ఆగిపోయినదని ప్రతీతి. ఇట్టి సంప్రదాయమున పెరిగిన సహృదయుడెవడైనను ఆశ్వయుజమాసమున శ్రీకాకుళమునకో విజయనగరమునకో వచ్చి, తెల్లవారుజామున తలుపు తెరచి, ఆ కవులు చెప్పిన నిర్మలాకాశమును చూడగోరినచో, పెక్కుసార్లు ఆతనికి కనిపించునది నల్లబడిన తూరుపు, ఈదురుగాలి, చూరునుండి తెంపులేక కారుచున్న వాననీరు.

మా సీమ శరత్తు సముద్రమునకు లోబడినది. నైరుతి ఋతుపవనము వెనుదిరుగు వేళ, ఇంకను వేడి తగ్గని బంగాళాఖాతముపై అల్పపీడనములు పుట్టి, అందు కొన్ని వాయుగుండములై, కొన్ని తుఫానులై, పడమటికిని వాయవ్యమునకును కదలి ఈ తీరమును తాకుట పరిపాటి. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ గోపాలపూర్ చెంత తీరము దాటెను. మరుసటి యేడు మరల అదే అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణముపై విరుచుకుపడెను. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువన తిత్లీ పలాస చెంత నేలకెక్కి, ఉద్దానపు కొబ్బరితోటలను, జీడిమామిడితోటలను కూకటివ్రేళ్ళతో పెల్లగించి పోయెను. తండ్రి నాటిన మొక్క కొడుకు కాలమునకు గదా పూర్ణఫలమిచ్చుట. అట్టి తోటలు ఒక్క పూటలో నేలకొరిగిన పిదప ఆ ఊళ్ళకు పోయి చూచినవారెవరును ఆ నిశ్శబ్దమును మరువలేరు. అందుచేత ఆశ్వయుజ కార్తికములనిన ఇచ్చటివారికి భక్తితో కూడిన భయము. అయినను ఆ వానకొరకే పొట్టమీదనున్న వరిచేను ఎదురుచూచును. అది పడకున్నచో గింజ తాలుపోవును. కవి కోరిన వెన్నెలకును రైతు కోరిన కడపటి తడికిని పొత్తు కుదరని ఈ సీమలో ఋతువు రైతు పక్షమునే నిలిచినది.

ఈ కారణముచేతనే, మా ప్రాంతపు కొండలను శరత్తులో చూడదలచినవాడు వాన వెలియుదాక ఆగి, ఎండ కాయగా బయలుదేరుట సరి కాదని నేను చాల కాలముగా నమ్ముచున్నాను. ఎండలో కనిపించునది కొండ యొక్క ఆకారము మాత్రమే. దాని నడవడి వానలో తెలియును. నీరు ఎచ్చట పుట్టుచున్నది, ఎచ్చట ఇంకుచున్నది, ఏ చెట్టు దానిని పట్టి నిలుపుచున్నది, ఏ వాలు విడిచిపెట్టుచున్నది, ఏ దారి నిలుచును, ఏ దారి జారిపోవును, మనుష్యుడు ఎచ్చట ఇల్లు కట్టుకొనుటకు సాహసించెను, ఎచ్చట సాహసింపలేదు, ఈ సంగతులన్నియు పొడిదినమున రహస్యములే. తుఫాను నాడు కొండ ఎక్కుమని నేను చెప్పుట లేదు. ప్రాణములతో చెలగాటమాడుట రసికత కాదు. తుఫాను కాని, గాలి లేని, ముసురు పట్టిన ఒక మామూలు శరద్దినమును గూర్చియే నా మాట.

అట్టి దినమొకటి మాకు లభించినది. విజయనగరమున పైడితల్లి సిరిమాను తిరిగిన వారమది. మిత్రులము నలుగురము పాలకొండలో కలిసికొని, కోటదుర్గమ్మకు నమస్కరించి, సీతంపేట కొండలకు బయలుదేరితిమి. ఒకరు వృక్షశాస్త్రము బోధించిన ఉపాధ్యాయులు, ఒకరు వైద్యులు, ఒకరు బ్యాంకి కొలువునుండి విశ్రాంతి తీసికొన్నవారు, నేను నాలుగవవాడను. ఈ కొండలు రెండు నదుల నడుమ నిలిచినవి. పడమటివైపు నాగావళి, తూర్పువైపు వంశధార. రెండును కలహండి సీమలో జనించి, రెండును ఇంచుమించు ఒకే నిడివి, 250 కిలోమీటర్లకు కొంచెము పైగా ప్రవహించి, ఒకటి శ్రీకాకుళము దాటి కళ్ళేపల్లి చెంతను, మరియొకటి కళింగపట్టణము చెంతను సముద్రమున కలియుచున్నవి. తోబుట్టువులవంటి ఆ నదుల నడుమ వర్షపునీటిని పంచిపెట్టు గట్టు ఈ కొండవరుస. నిన్నమొన్నటిదాక శ్రీకాకుళము జిల్లాలోని సీతంపేట 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పార్వతీపురం మన్యము జిల్లాలో చేరినది. కాని కాగితముపై గీత మారినంతమాత్రమున కొండ ఇరుగుపొరుగులు మారవు గనుక, శ్రీకాకుళపు సంతకు దిగువారు ఆ సంతకే దిగుచున్నారు.

మాకు దారి చూపుటకు ఒక వృద్ధ సవర గిరిజనుడు అంగీకరించెను. ఆతనిని మేము తాతా అని పిలిచితిమి. ఆతడు మమ్మందరిని బావూ అనియే పిలిచెను. బయలుదేరుటకు ముందు ఆతడు ఇద్దరు ముగ్గురిని ఏనుగుల జాడ అడిగి వచ్చెను. ఒడిషాలోని లఖేరి అడవులనుండి 2007 ప్రాంతమున ఏనుగులు ఈవైపు దిగినది మొదలు, ఏ కొండదారి పట్టుటకైనను ముందు ఈ ప్రశ్న తప్పనిసరియైనది. జాడ లేదని తేలిన పిమ్మట కదలితిమి. చినుకులు అప్పటికే మొదలైనవి. మా వైద్యమిత్రులు కొంతసేపు ఆగిన వెలియునేమోనని సంశయించిరి. తాత ఆకాశమువంక చూడనైన లేదు. తూర్పుగాలి తన చెంపకు తగులుటనుబట్టియే తీర్పు చెప్పెను. "వోన ఇప్పుడొగ్గదు బావూ. ఆగితే పొద్దోతాది, నడండి."

వాన చేసిన మొదటి పని మాకు దూరమును కనపడకుండ చేయుట. ఈ వరుసలోని ఆడలి కొండకు జనులు పోవునది పైనుండి క్రిందికి చూచుటకు. దిగువ మైదానమును, చెరువులను, పచ్చని వరిమళ్ళను ఒక్క చూపులో ఆక్రమించుకొనుటకు. మేము ఎత్తు చేరుసరికి అచ్చట మైదానము లేదు, చెరువు లేదు, ఎదుటి కొండయు లేదు. తెల్లని మంచు మోకాళ్ళదాక వచ్చి నిలిచినది. మా మిత్రులలో ఒకరికి మిక్కిలి ఆశాభంగమైనది. నాకును కొంత కష్టముగనే తోచినది. కాని అచ్చట నిలిచి ఆలోచించుకొలది, ఎత్తునుండి చూచు చూపులో ఒక ప్రభుత్వభావమున్నదని నాకు స్పష్టమైనది. క్రింద కనిపించునదంతయు మనదే యనిపించును. ఊళ్ళు చుక్కలగును, మనుష్యులు కనిపింపనే కనిపింపరు. వాన ఆ ప్రభుత్వమును మానుండి తీసివేసి, మమ్ములను మా కాళ్ళయొద్దకు దింపినది. అప్పుడు కొండ దగ్గరినుండి కనిపింప మొదలిడినది.

దగ్గర కనిపించినది ఎంతయని చెప్పుదును! చెట్టు చెట్టును పెనవేసికొని పైకి పోయిన అడ్డతీగ, ఆవు గిట్టవలె నడుమ చీలిన దాని వెడల్పాకులు. ఆకు మొదట నిలిచిన నీరు ఆ చీలికలోనుండి ధారగా జారుట. పెండ్లిండ్లలో మనము విస్తరిగా భుజించునది ఈ ఆకులోనే; కాని తడిసిన అడ్డాకు నిగనిగలాడు పచ్చదనము పంక్తిలో కూర్చున్నవానికి తెలియదు. జీలుగుచెట్టు చేపతోకలవంటి ఆకులతో వానలో తల వంచుకొని నిలిచినది. పనసల మొదళ్ళయందు నాచు ఉబ్బి మెత్తబడినది. కుళ్ళిన కొమ్మలపై పుట్టగొడుగులు వరుసగా మొలచినవి. దారికడ్డముగా రోకలిబండలు తమ అసంఖ్యాకములైన కాళ్ళతో నింపాదిగా పోవుచుండెను. మా ఉపాధ్యాయమిత్రులు ప్రతి మొక్కయొద్ద నిలిచి దాని శాస్త్రనామమును చెప్పగా, తాత దాని ఉపయోగమును చెప్పెను. ఇది జ్వరమునకు, ఇది పశువుల పుండునకు, ఇది కట్టెకు, ఇది దేనికిని కాదు గాని నరుకరాదు. ఆ చివరి మాటకు కారణమేమని అడిగితిమి. ఆతడు చెప్పలేదు, మేమును మరల అడుగలేదు.

దారిపై ప్రవహించు నీరు ఎర్రగా ఉండెను. ఈ కొండల శిలకు భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటని పేరు పెట్టిరి. మనము కోదులని పిలుచు కోందుల పేరే ఆ రాతికి వచ్చినది. సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున వేడికిని ఒత్తిడికిని లోనై రూపు మారిన పురాతన శిల అది. దానిలో కెంపువన్నె గార్నెట్టు రవ్వలు చల్లినట్లుండును. తడిసినప్పుడు అవి తళుక్కుమనును. ఆ రాయి ఎండకును వానకును శిథిలమై, దానిలోని ఇనుము త్రుప్పుపట్టి, ఈ ఎర్రమన్ను అగుచున్నది. ఆ మన్నే వానతో గెడ్డలలోనికి, గెడ్డలనుండి నదులలోనికి, నదులనుండి మైదానపు మళ్ళలోనికి దిగుచున్నది. మనము క్రింద ఒండ్రు అని సంతోషముతో చేతికెత్తుకొనునది కొండకు కలిగిన నష్టమే యని నాకు మొట్టమొదట కాలి క్రింద తెలిసినది ఆనాడే. చెట్టు దట్టముగానున్న చోట నీరు తేటగాను, వాలు బోడిగానున్న చోట చిక్కగాను వచ్చుట కండ్లారా చూచితిమి. ఇందులకు ఉపన్యాసము వలదు. అరగంట వానలో నడచిన చాలును.

ఇక దారి. అది ఎవరును వేసినది కాదు. కావడి భుజమునపెట్టి పసుపు, చింతపండు, అనాసపండ్లు, కొండచీపుళ్ళు సంతకు మోసికొనిపోయి, ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు మోసికొని వచ్చిన పాదములు తరతరములుగా నొక్కగా నొక్కగా పడిన బాట. ఊపిరి పట్టు ఎక్కుడు ముగిసిన ప్రతి చోట, కావడి దింపుకొనుటకు అనువైన బండ ఒకటి ఉండెను. ఆ బండలు చేతులు తగిలి తగిలి నునుపెక్కినవి. వట్టి చేతులతో, వానకోటులతో, బూట్లతో ఎక్కుచున్న మాకు అలుపు వచ్చిన చోటనే బరువు మోసినవారికిని వచ్చినదని, మా శరీరము ఆ చోట వారి శరీరముతో ఏకీభవించినదని తోచి, ఏదో బాంధవ్యము కలిగినట్లయినది.

నలుగురు మిత్రులు సన్నని బాటపై నడచునప్పుడు ఒకరి వెనుక ఒకరు పోవలయును. పట్టణమున మా స్నేహము మాటలపై నిలిచినది. ఎదురెదురుగా కూర్చుండి, కాఫీ త్రాగుచు, సాహిత్యమును, రాజకీయములను, పిల్లల ఉద్యోగములను చర్చించుకొందుము; అభిప్రాయభేదము కలిగినప్పుడు ముఖము ముడుచుకొందుము; మరునాడు మరల కలియుదుము. కొండపై వాన ఆ మాటలను మాన్పించినది. ఆకులపై చినుకుల చప్పుడు ఎంతటిదనగా ముందున్నవానితో ఒక మాట చెప్పవలెనన్న కేకవేయవలయును. కేకవేసి చెప్పదగిన మాటలు మనకెన్ని ఉన్నవి? అందుచేత అందరము మౌనులమైతిమి. నాకు కనిపించునది ముందు నడచుచున్న మిత్రుని వీపు మాత్రమే. ముప్పదియేండ్లుగా ఎరిగిన ముఖమును విడిచి, ఎన్నడును గమనింపని ఆ వీపును చూచుచు నడచుచుంటిని. అది కొంచెము వంగినది. ఎడమభుజము కుడిభుజముకంటె దిగినది. బండ జారుచోట ఆయన ఆగి, వెనుదిరిగి చూడకయే చేయి వెనుకకు చాచెను, నేను అందుకొంటిని. ఆ తరువాత నా వెనుకనున్నవారికి నేను చాచితిని. ఎవరును ఎవరికిని కృతజ్ఞత చెప్పలేదు. తాత అందరికంటె ముందు నడచుచు, మాలో నెమ్మదియైనవాని నడకకు తన నడకను తగ్గించుకొనెను. ఆ సంగతి మేము చాల దూరము పోయినదాక గ్రహింపనే లేదు. స్నేహమున కెట్టి నిర్వచనమున్నను, ఇతరుని అలసటను అతడు చెప్పకముందే తెలిసికొని అడుగు చిన్నది చేయుట అందులో మొదటి లక్షణముగా ఉండవలయునని నేను భావించుచున్నాను.

మధ్యాహ్నమునకు ఒక సవరగూడెము చేరితిమి. ఇండ్లు వరుసగా ఒకదానినొకటి ఆనుకొని, ముందు పొడుగాటి అరుగులతో ఉండెను. ఒక ముసలమ్మ తలుపులోనుండి తొంగిచూచి, తాతతో సవరలో ఏమో పలికి, మావైపు తిరిగి, "తడిసిపోనారు బావూ, లోనకి రండి" అనెను. చోడి అంబలి ఇచ్చినది. వేడిది. ఆ గూడెపువారి పోడులో పండిన చోళ్ళే అవి. సామ, కొర్ర, కంది, చోడి, జొన్న ఒక్క వాలుపైననే కలిపి చల్లి, ఒకదాని తరువాత ఒకటి కోసికొను వ్యవసాయము వారిది. కొత్త పండుగ చేయక కొత్త పంటను నోట పెట్టరు. పోడును గూర్చి మైదానమున పెక్కు నిందలు వినుచుందుము. బోడివాలుల ఎర్రనీటిని అప్పుడే చూచివచ్చిన నేను ఆ నిందలో కొంత సత్యములేదని అనజాలను. కాని ఒక్క వాన తప్పినను, ఒక్క తెగులు తగిలినను ఏదో ఒక గింజ చేతికి వచ్చునట్లు ఐదారు ధాన్యములను కలిపి నమ్ముకొన్న ఆ వివేకమును, ఒక్క పంటపైననే సమస్తమును ఒడ్డి తుఫానునాడు సమస్తమును కోల్పోవుచున్న మన మైదానమువారు నిందించుటకు ముందు నేర్చుకొనవలసి యున్నది.

ఆ యరుగుపై కూర్చుండి వానను చూచుచు, ముసలమ్మయు తాతయు మాటలాడుకొనుట వింటిమి. మాకు ఒక్క ముక్కయు తెలియలేదు. సవర ముండాభాష. అది మన తెలుగునకు గాని, ఒడియాకు గాని చుట్టము కాదు. దాని చుట్టములు మేఘాలయపు కొండలలోని ఖాసీ, కంబోడియాలోని ఖ్మేరు. పాలకొండ సంతనుండి సగము పూట ఎక్కిన దూరములో మనము ఒక భాషాకుటుంబమునుండి మరియొక దానిలోనికి అడుగుపెట్టుచున్నాము. ఇదంతయు చాలకున్న, ఆంధ్రుల పేరు మొదట వినిపించు ఐతరేయబ్రాహ్మణములో విశ్వామిత్రుని శాపమున వెలియైన జాతుల పట్టికలో ఆంధ్రులతోపాటు శబరులును కలరు. అంతటి ప్రాచీనకాలముననే ఇరుగుపొరుగులుగా లెక్కింపబడిన జనులము. ఇన్ని వేల ఏండ్ల సహవాసము తరువాత ఆమెకు మన భాష వచ్చును. మనకు ఆమె భాష రాదు. ఉప్పు కొనుటకు, అప్పు తీర్చుటకు, అర్జీ పెట్టుటకు వారు మన పలుకు నేర్చిరి. మనకు వారితో అట్టి యక్కర పడలేదు, లేదా పడలేదని భావించితిమి.

ఈ అపకీర్తినుండి మనలను కొంత కాపాడినవాడు గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారికభాషకై పోరాడిన గిడుగును ఎల్లరెరుగుదురు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సవరల గిడుగును ఎరిగినవారు కొందరే. 1863లో వంశధార యొడ్డున, శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో ఆయన జన్మించెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండగా, సంతకు దిగివచ్చు సవరలను చూచి, వీరి మాట ఏమిటో నేర్చుకొనవలయునని సంకల్పించెను. తెలుగు తెలిసిన సవరను ఇంటియొద్ద ఉంచుకొని అభ్యసించెను. అది చాలక తానే కొండలెక్కి గూడెములలో తిరిగెను. పాటలు వ్రాసికొనెను, కథలు వ్రాసికొనెను, పిల్లలకు వాచకములు కూర్చెను, సొంత వ్యయముతో బడులు పెట్టించెను. ఆ తిరుగుళ్ళలోనే ఆయనకు మన్యపు జ్వరము తగిలినది. దానికై తీసికొన్న క్వినైను ఆయన వినికిడిని హరించినది.

భాషాధ్వనులను చెవితో పట్టుకొనుటయే పనిగా పెట్టుకొన్నవాడు, ఆ పనిలోనే చెవిని పోగొట్టుకొనెను. పోగొట్టుకొనియు మానలేదు. సవరభాషా బోధిని 1931లో మదరాసున ప్రకటితమైనది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. ఈ రెంటి నడుమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, జీవితమంతయు గడపిన ఆ ఊరిని విడిచి, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. నిఘంటువు వెలువడిన రెండేండ్లకు, 1940 జనవరి 22న, కాలధర్మము చెందెను. ఆ యరుగుపైని వానచప్పుడులో నాకు పదేపదే తోచినది ఇదియే: ఆయన కొండలను ఎత్తునుండి చూడలేదు. ఇట్టి అరుగుపైననే, ఇట్టి వానలోనే, మరియొక మనుష్యుని పెదవులవంక చూచుచు, చెవి యొగ్గి కూర్చున్నాడు. మన సీమ పండితులలో అంత దగ్గరి చూపు గలవారిని నేను మరియొకరిని ఎరుగను.

దూరపుచూపుతో వచ్చినవారు మాత్రము పెక్కుమంది. 1882 నాటి మదరాసు అటవీచట్టము అడవిని గీతలు గీసి రిజర్వుచేసినది. ఆ గీతలకు లోపల ఎవరి గూడెమున్నదో, ఎవరి శ్మశానమున్నదో ఎత్తునుండి చూచినవానికి తెలియదు. షావుకార్లు సంతలో గింజ కొలిచి భూమిని వ్రాయించుకొనిరి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోరాదని 1917లోనే ఒక చట్టమున్నను భూమి పోవుచునే యుండెను. ఈ కొండల వరుసలోనే, 1967 అక్టోబరు 31న, మొండెంఖల్లులోని సభకు నడిచిపోవుచున్న గిరిజనులపై లేవిడియొద్ద తుపాకి ప్రేలి, కోరన్న, మంగన్న అను ఇద్దరు మరణించిరి. అదియు శరత్తే. ఆ పిమ్మట జరిగిన శ్రీకాకుళపు పోరాటమును, అందు నేలకొరిగినవారిని, ఆనాటి మార్గముల యుక్తాయుక్తములను ఇచ్చట విచారింపబోను. కాని గిరిజనుల భూమిని కాపాడుటకు 1970లో వచ్చిన 1/70 చట్టము వెనుక ఈ దారులలో చిందిన నెత్తురున్నదని చెప్పకపోవుట అసత్యమగును. మేము ఆనాడు ఆహ్లాదమునకై నడచిన బాటవంటి బాటలపైననే వారును నడచినారు.

దిగుబాటున ఒక గెడ్డ మాకు అడ్డమైనది. ఉదయము చీలమండలోతున దాటినదే. ఇప్పుడు మోకాలిని మించి, ఎర్రగా, కొమ్మలను దొర్లించుకొని పోవుచుండెను. మాలో ఒకరు చేతులు పట్టుకొని దాటుదమనిరి. తాత ఒప్పుకొనలేదు. ఒడ్డున ఒక రాయి పెట్టి, అది తడియుచున్నదా ఆరుచున్నదా చూడుమనెను. "గెడ్డ మనకోసం ఆగదు బావూ, మనవే ఆగాల" అని, చెట్టు మొదట చతికిలబడెను. కూర్చుంటిమి. పైన వాన సన్నగిల్లిన కొంతసేపటికి రాయి చుట్టునున్న నీరు వెనుకకు తగ్గినది, ఇంకను తగ్గినది, అప్పుడు ఆతడు లేచి, ముందుగా తాను దిగి, గట్టి అడుగుచోట్లు చూపగా, ఒకరి తరువాత ఒకరము దాటితిమి. కొండవాగు త్వరగా పొంగునట్లే త్వరగా తీయును. ఆ మాత్రపు ఓరిమి లేక వాగులలో కొట్టుకొనిపోయినవారి వార్తలు ప్రతి వానకాలమును పత్రికలలో చదువుచునే యున్నాము. మంచు ఆనాడు తొలగలేదు. మైదానము మాకు ఒక్క క్షణమైనను కనిపింపలేదు. ఆడలియొద్ద ఆశాభంగము పొందిన మిత్రులు తిరుగుదారిలో ఆ ప్రస్తావనయే తేలేదు.

మా జిల్లాల యువకులకు నేను చెప్పవలసినది కొంత కలదు. మీరు ఊటీకిని, కాశ్మీరమునకును పోవుచున్నారు, సంతోషము. అరకునకు గుంపులుగా పోయి వచ్చుచున్నారు, అదియు సంతోషమే. కాని మీ మేడపైనుండి ప్రతిదినము నీలముగా కనిపించు మీ సొంత కొండలను కాలినడకన ఎరిగినవారు మీలో ఎందరు? ఒక ఆశ్వయుజమున, తుఫాను హెచ్చరిక లేని ముసురునాడు, మీకు నచ్చిన ఇద్దరు ముగ్గురు స్నేహితులతో పోయి రండు. ఏనుగుల సంగతి, గెడ్డల సంగతి ఊరివారినడిగి, వారు వలదన్నచోటికి పోకుడు. అచ్చటివానినే తోడు తీసికొని, ఆతని దినమునకు తగిన కూలి నిండుగా ఇండు. ప్లాస్టిక్కు సంచి ఒక్కటియు కొండపై విడువకుడు. సంతలో పసుపు, చీపుళ్ళు, అనాసలు కొనునప్పుడు, వాటిని భుజమునపెట్టి ఆ జారుబాటపై దింపుకొనివచ్చినవారు చెప్పిన ధరను బేరమాడకుడు. పోవుటకు ముందు మాత్రము గిడుగువారి సవర నిఘంటువును ఏ గ్రంథాలయముననైన సంపాదించి, వానకు, నీటికి, దారికి, అన్నమునకు, అవ్వకు వారు ఏమందురో ఆ నాలుగైదు మాటలైనను నేర్చుకొని, ఆ అరుగుపై కూర్చున్నప్పుడు వారి భాషలోనే పలుకరింపుడు.